వెళ్లిపోయిన తేదీ

వలస పక్షి వచ్చిన రోజు కళ్లున్నవాళ్లందరికీ తెలుస్తుంది. వెళ్లిపోయిన రోజు తెలుసుకోవడమే కష్టం. నిన్న కనిపించిన సూదితోక బాతు ఇవాళ లేకపోతే వెళ్లిపోయినట్టా, తుంగ చాటున ఉన్నట్టా? వారం పది రోజులు వరసగా వెళ్లి వెతికితే గానీ చెప్పలేం. చలిదేశాలకు వసంతం పక్షులొచ్చే కాలం. మన చెరువులకు అది వీడ్కోలు కాలం.

అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్ శివారు అమీన్‌పూర్ చెరువుకు ఎక్కువగా వెళ్తుంటాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఎండెక్కకముందే, సూర్యుడు వీపు వైపు ఉండేలా గట్టు మీద కూర్చోవాలి. నడుస్తూ ఉంటే బాతులు నడినీటికి జరిగిపోతాయి. కదలకుండా కూర్చుంటే మెల్లగా ఒడ్డుకు వస్తాయి.

ప్రయాణం దగ్గరపడిందని ఈకలే చెబుతాయి. చలికాలమంతా వెలిసినట్టుండే పసుపు వాగ్‌టెయిల్, మార్చికల్లా పండక్కి పసుపు రాసిన గడపలా నిగనిగలాడుతుంది. బురదలో పొడుగు ముక్కు గుచ్చే గాడ్విట్‌కు మెడ, రొమ్ము ఇటుక రంగు తిరుగుతాయి. ఇక పూసిన బూరుగు చెట్టు మీద గులాబీ గోరింకల గోల! తేనె తాగి తలెత్తితే నుదుటి నిండా పుప్పొడి. వాటి ప్రయాణం మధ్య ఆసియా దాకా. అక్కడ మిడతలు పెట్టి పిల్లల్ని సాకుతాయి. మంజీర నదిలో చలికాలం గడిపే పట్టెతల బాతులు హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా సరస్సులకు చేరతాయి. ఈ జాతి బాతులు 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు ట్రాకర్లలో నమోదైంది.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కొంగలు కూడా ఎండాకాలం ముదిరేలోగా పిల్లలతో వెళ్లిపోతాయి. అయితే వాటికి సైబీరియా చిరునామా రాయకండి. అవి మన దేశపు పక్షులే.

ఏ పక్షి ఎప్పుడు వెళ్లిందో తేలాలంటే, అది కనిపించని రోజులు కూడా పుస్తకంలో ఉండాలి. చాలామంది అక్కడే తప్పుతారు. కొత్త పక్షి కనిపిస్తే రాస్తారు, ఏమీ లేని ఉదయాన్ని వదిలేస్తారు. పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో, చూసిన పక్షులన్నీ రాశారా అని అడిగేది ఇందుకే. పూర్తి జాబితాలో లేని పేరు కూడా సమాచారమే.

మీ ఊరి చెరువు గట్టు మీద ఉగాది దాటేదాకా రోజూ పావుగంట కూర్చోండి. తేదీ, సమయం, ఏ పక్షి ఎన్ని ఉన్నాయో రాయండి. నిన్నటిది ఇవాళ లేకపోతే, లేదని కూడా రాయండి.