వెనక సీటు వచనం

విదేశీ యాత్రల మీద తెలుగులో ఈమధ్య వస్తున్న వ్యాసాలు, వీడియోలు ఓ పది వరసపెట్టి చూడండి. హనోయ్ కానివ్వండి, ఖాట్మండూ కానివ్వండి, కైరో కానివ్వండి, ఒక పేరా మాత్రం దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీ బయటికొస్తుంది. నాలుగు వైపుల నుంచీ బైకులు మీదపడతాయి. ట్రాఫిక్ అంతా గందరగోళం, అచ్చం మన దగ్గరలాగే అని ఒక వాక్యం, డ్రైవర్ మీద ఒక జోకు, ఆ తర్వాత హోటల్ గది. ఈ పేరాతోనే నా పేచీ. రాసినాయన స్టీరింగ్ పట్టుకోలేదు. వెనక సీట్లో కూర్చుని, అద్దంలోంచి చూసి రాశాడు.

పోనీలే, చిన్న విషయం అనొచ్చు. కానీ తనకి రాని భాష చెవిన పడితే 'ఏదో గోల' అని రాసేవాణ్ని మనం మంచి రచయిత అంటామా? రోడ్డు మీద మాత్రం ఆ సౌకర్యం ఇచ్చేస్తున్నాం.

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్తుంటే దిగువమెట్ట దాటాక ఘాట్ మొదలవుతుంది. ముందు లోడు లారీ. మలుపు తర్వాత మలుపు, ఎదర ఏమొస్తుందో మీకు కనపడదు, లారీ డ్రైవర్‌కి కనపడుతుంది. ఒకచోట అతను కుడి ఇండికేటర్ వేస్తాడు. లైసెన్సు పరీక్ష ప్రకారం దానర్థం 'నేను కుడికి తిరుగుతున్నాను' అని. అక్కడ కుడికి తిరగాలంటే అడవిలోకి పోవాలి. అతను చెప్తున్నది 'రోడ్డు ఖాళీ, దాటుకో' అని. అదే లారీ మార్కాపురం ఊళ్లోకి వచ్చాక అదే ఇండికేటర్ వేస్తే నిజంగానే కుడికి తిరుగుతుంది, పలకల ఫ్యాక్టరీ వైపో, ఇంకెటో. ఘాట్ అర్థం ఊళ్లో వాడితే బండి దాని కిందికి పోతుంది. శ్లేషకి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ నాకు ఏ అలంకారశాస్త్రంలోనూ దొరకలేదు.

హెడ్‌లైట్ సంగతీ అంతే. మన దగ్గర ఎదుటివాడు లైటు కొడితే 'ఆగు, నేనొస్తున్నా' అని. ఇంగ్లండులో చాలామంది అదే లైటు 'మీరు వెళ్లండి' అని కొడతారు. గుర్తు ఒకటే, అర్థం పూర్తిగా తిరగబడింది. ఇలాంటిది ఒక్కటి గమనించి రాసినా యాత్రావ్యాసం బతుకుతుంది.

'అచ్చం మన దగ్గరలాగే' అన్న వాక్యం ఖాట్మండూలో ఎందుకు నిలబడదో చూడండి. మన లారీలు వెనకాల 'సౌండ్ హారన్' అని రాసుకుని మరీ మోతని ఆహ్వానిస్తాయి. ఖాట్మండూలో 2017 ఏప్రిల్ 14న, అంటే వాళ్ల కొత్త సంవత్సరం రోజు నుంచి, అనవసరంగా హారన్ కొట్టడం నిషేధించారు. అవే ఇరుకు సందులు, అవే బైకులు, మనలాగే ఎడమ పక్కన నడక. మోత మాత్రం లేదు. మరి హారన్ చేసే పనిని అక్కడ ఏది చేస్తోంది? బండి నడిపే మనిషికి రావలసిన మొదటి ప్రశ్న ఇది. వెనక సీటుకి రాదు.

హనోయ్‌లో రోడ్డు దాటడానికి ఆగకూడదు, పరిగెత్తకూడదు. ఒకే వేగంతో నడుస్తూ పోవాలి. బైకుల వాళ్లు మీ వేగాన్ని లెక్కేసుకుని మీ చుట్టూ తప్పుకుంటారు. మధ్యలో భయపడి ఆగిపోయారో, వాళ్ల లెక్క తప్పుతుంది. దీన్ని గందరగోళం అనడం బద్ధకం. పైగా అక్కడ 2025 జనవరి 1 నుంచి సిగ్నల్ దాటిన బైకుకి 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్‌ల జరిమానా, మన డబ్బులో పదివేల పైమాటే. మన వీడియోల్లో వియత్నాం మాత్రం ఇంకా పాత వియత్నామే.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. అది నాకు ఇంతకంటే చిరాకు. 'ఈ గజిబిజిలోనే ఒక సామరస్యం ఉంది' అని కొందరు పరవశిస్తారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఇది సర్కారు లెక్క. రోడ్డు భాషని చదవమంటున్నది అది అందంగా ఉందని కాదు, చదవలేనివాడు చచ్చిపోతాడని.

మన యాత్రా సాహిత్యం మొదటి నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. మా నల్లమలకి అవతలి వైపు నుంచి, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లాడు. కంపెనీ సీమ, కందనూరు నవాబు సీమ, కృష్ణ దాటితే నిజాం రాజ్యం. ఆయనకి అవన్నీ వేరే వేరే దొరతనాలే, అంటే ఒకరకంగా విదేశాలే. ఆయన పల్లకీ మనిషి, నిజమే. అయినా దారి ఎలాంటిది, మజిలీలో నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా అన్నది వదలడు. తన వెనక వచ్చేవాడికి పనికిరావాలని రాశాడు కాబట్టి. ఈ కాలంలో పరవస్తు లోకేశ్వర్ ఛత్తీస్‌గఢ్ వెళ్తే పుస్తకం పేరులోనే స్కూటర్ ఉంది. మా జిల్లాలోనే పుట్టిన ఆచార్య ఆదినారాయణ ఏకంగా నడిచే వెళ్లాడు. టాక్సీ వచనానికి ఈ ఇద్దరూ మంచి విరుగుడు.

అసలు లోటు వేరే చోట ఉంది. పరాయి దేశపు రోడ్డుని బాగా తెలుసుకున్న తెలుగువాళ్లు యాత్రలు రాసినవాళ్లు కారు. ఒకప్పుడు రంగం పోయినవాళ్లు రేవులో మూటలు మోశారు, ఊళ్లో రిక్షాలు లాగారు. 1930 మేలో రేవు కూలీల గొడవ ఊరంతా పాకినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్లే. రంగూన్‌లో ఏ సందు ఎటు తేలుతుందో ఆ కాళ్లకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మన సాహిత్యంలో రంగం డబ్బు పంపే ఊరుగా, మనిషిని మింగేసే ఊరుగా మిగిలింది. వీధులు లేని ఊరుగా.

ఇప్పుడు ఆ చోటు గల్ఫ్‌ది. గిద్దలూరు దాటి పోరుమామిళ్ల, బద్వేలు వైపు పోతే కువైట్ మాట వినపడని ఊరు తక్కువ. అక్కడ హౌస్ డ్రైవర్లుగా పనిచేసినవాళ్లని కదిలించి చూడండి. డాలస్‌లో పదిహేనేళ్లు కారు నడిపిన మా బంధువొకాయన సెలవుకొచ్చి మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి దాకా కూడా బండి తీయడు, డ్రైవర్‌ని పెట్టుకుంటాడు. ఆయనకి సొంత ఊరే గందరగోళపు విదేశం. మొన్న పెట్టుకున్న డ్రైవర్ ఆరేళ్లు కువైట్‌లో చేసొచ్చినవాడు. అక్కడి ట్రాఫిక్ ఎట్లుంటుందని అడిగాను, 'గందరగోళం' అంటాడేమోనని.

"ట్రాఫిక్ ఏముందన్నా, వారం. చెయ్యే యినదు" అన్నాడు. "ఆడ స్టీరింగ్ ఎడం పక్క గదా. గేరుకని ఎడం చెయ్యి పోయి డోరుకి కొట్టుకునేది. లీవుకొచ్చి ఈడ బండెక్కితే కుడి చెయ్యి కొట్టుకునేది. ఓ నెలకి సర్దుకునేది. అప్పటికి లీవు అయిపోయేది."