గోడలోపలి యుద్యానము

టెక్కలి బస్సుస్టాండునందు మా చేతికొక రంగుల కరపత్రము వచ్చినది. పలాస మార్గమున వెలయబోవు గేటెడ్ కమ్యూనిటీని గూర్చినది. మాకు సమీక్షార్థము వచ్చు గ్రంథములకంటె దీనికి పాఠకు లెక్కువ. దీనిని నమ్మి జీవితకాలపు పొదుపును ధారపోయువారును గలరు. కావున దీనినిగూడ గ్రంథమువలెనే విమర్శింపదలచితిమి.

మొదట వ్యాకరణము. కరపత్రకర్తకు భవిష్యత్కాలముతో పనిలేదు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవును, ప్రతిపాదనయందే యున్న విమానాశ్రయమును ఒకే వాక్యమున వర్తమానమునకు దెచ్చి, ప్లాటునుండి ఎన్ని నిమిషముల దూరమో లెక్కగట్టినాడు. ధరను నిర్ణయించునవి ఈ నిమిషములే గాని నేలసారము కాదు. ఆ విమానాశ్రయమునకు భూములీయమని రైతులు ఎదిరించిన సంగతి పత్రమున లేదు.

పిదప వర్ణన. కొబ్బరిచెట్లనడుమ ఇండ్లబొమ్మ యున్నది. ఉద్దానమనగా ఉద్యానమే యని పెద్దలు చెప్పుదురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ కొబ్బరిని, జీడితోటలను నేలగూల్చినది. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును; తోటను ప్లాటులుగా గీయుటకు కొన్నిదినములు చాలును. అప్పులపాలైన రైతు ఏది యెంచుకొనునో ఊహింపవచ్చును. అతనిని మేము నిందింపము. తోట తీసినచోటికి తోటపేరే పెట్టుట మాత్రము మాకు రుచింపలేదు.

ఇరువదినాలుగు గంటల నీరను మాటయొద్ద మేము చాలసేపు ఆగితిమి. ఎచ్చటి నీరు? మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా కుటుంబములను కృశింపజేయుచున్న సీమ యిది. దాని మూలకారణము నేటికిని తేలలేదు. హిరమండలమునుండి గొట్టములద్వారా వంశధారజలము నిచ్చు పథకము 2023 డిసెంబరు 14న గాని ప్రారంభము గాలేదు. పలాస కార్ఖానాలో పగలంతయు జీడిపిక్కలు కొట్టి యిల్లుచేరు స్త్రీ బిందెతో కుళాయికై వేచియుండగా, గోడకావల పచ్చికకు నీరు చిమ్ముట మా మనస్సునకు గోచరించినది.

కొనువారి కోరికలో దోషములేదు. మురుగుకాలువ, దీపము, ఆడపిల్ల నిర్భయముగా నడచు వీథి ఎవరికి వలదు? పలాస–కాశీబుగ్గ పురపాలకసంఘమును ఊరంతటికొరకు అడుగవలసిన వానిని మనము అంగడిలో ఇంటికొకటిగా కొనుచున్నాము.

2016నాటి స్థిరాస్తి చట్టము 12వ విభాగముచే, ప్రకటనలోని యసత్యమును నమ్మి సొమ్మిచ్చి నష్టపోయినవానికి నిర్మాత పరిహార మీయవలెను. సాహిత్యవిమర్శకు ఇంతటి యధికారము లేదు! అయినను ఆ విభాగము కొనువానిని కాచునే గాని, కొనలేక గోడప్రక్క నుండువాని ఊసెత్తదు.

మాట నేలను మార్చుట ఈ సీమకు క్రొత్తగాదు. సోంపేట బీలను బంజరని చెప్పి థర్మల్ విద్యుత్కేంద్రమునకు ఈయబూనిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ అనుమతిని రద్దుచేసినది. మా చేతిలోని కరపత్రమున ఒక పటమున్నది. గోడలోపలి ప్రతి ప్లాటునకును అంకె గలదు. వెలుపల ఏ యూరిపేరును లేదు, అంతయు తెల్లకాగితమే.