ఒకే షెడ్యూలు, రెండు తీర్పులు: ‘సమత’, జీవో 3 తీర్పుల తులనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

భారత రాజ్యాంగం అయిదవ షెడ్యూలులోని అయిదవ పేరా షెడ్యూల్డు ప్రాంతాల విషయంలో గవర్నరుకు విశేషాధికారాలు ఇచ్చింది. ఆ అధికారాల పరిధిపై ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన రెండు వివాదాలలో సుప్రీంకోర్టు ప్రముఖమైన తీర్పులు వెలువరించింది. మొదటిది 1997 నాటి ‘సమత’ తీర్పు. రెండవది ఏజెన్సీ పాఠశాలల ఉపాధ్యాయ నియామకాలకు సంబంధించిన జీవో 3ను కొట్టివేసిన 2020 నాటి తీర్పు. మొదటిది ఆదివాసులకు అనుకూలమనీ, రెండవది ప్రతికూలమనీ చెప్పడం పరిపాటి. ఈ విభజన ఫలితాన్ని చెబుతుంది గాని కారణాన్ని వివరించదు. ఆ కారణాన్ని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. ‘సమత’: ఒక పదానికి అర్థవిస్తృతి

విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులు ఈ వివాదానికి మూలం. 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ఏ ‘వ్యక్తి’ అయినా గిరిజనేతరులకు స్థిరాస్తిని బదలాయిస్తే అది చెల్లదు. ఆ ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. చేరుతుందని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ నిర్ణయించారు. జస్టిస్ జి. బి. పట్నాయక్ విభేదించారు. మెజారిటీ న్యాయమూర్తులు పదం కంటే ప్రయోజనాన్ని ప్రధానంగా గ్రహించారు. భూమి అన్యాక్రాంతం కాకుండా చూడవలసిన ప్రభుత్వమే దానిని అన్యులకు అప్పగిస్తే రెగ్యులేషన్ నిరర్థకమవుతుందన్నది వారి తర్కసారం. అయితే 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే ఈ తర్కంపై సందేహం వ్యక్తం చేసింది.

3. జీవో 3: అధికారానికి హద్దులు

2000 జనవరి 10న వెలువడిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలలలోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక షెడ్యూల్డు తెగల అభ్యర్థులకే కేటాయించింది. ఉపాధ్యాయుల గైర్హాజరీని నివారించడం దాని లక్ష్యాలలో ఒకటి. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న దానిని రద్దు చేసింది. అప్పటికే జరిగిన నియామకాలకు షరతులతో రక్షణ కల్పించింది.

తీర్పులోని రెండు అంశాలు బలమైనవి. మొదటిది: 1950 జనవరి 26 నుండి స్థిరనివాసం ఉండాలన్న నిబంధన ఇతర గిరిజనులను సైతం మినహాయించింది. రెండవది: నూరు శాతం కేటాయింపు ఇతరులకు అవకాశాన్ని పూర్తిగా మూసివేసింది. కాని తీర్పు వాడిన భాష విమర్శకు అతీతం కాదు. ఆదివాసుల జీవన విధానాన్ని ఆదిమమైనదిగా, ప్రధాన స్రవంతికి తగనిదిగా చిత్రించిన వాక్యాలు నిర్ణయానికి అవసరమైనవి కావు. వాటిలోని దృష్టి అయిదవ షెడ్యూలు స్ఫూర్తికి దూరమైనది. ఇంట్లో కోయ, కువి, సవర వంటి భాషలు మాట్లాడే పిల్లలకు ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు బోధనావసరం. ఈ కోణానికి తీర్పులో తగిన స్థానం దక్కలేదు.

4. విస్మృతమైన భేదం

రెండు వివాదాలలోనూ ఆధారం అయిదవ పేరాయే అయినా అందులోని ఉపపేరాలు వేరు. ‘సమత’కు ఆధారమైన రెగ్యులేషన్ రెండవ ఉపపేరా కింద వచ్చింది. దానికి గిరిజన సలహా మండలితో సంప్రదింపు, రాష్ట్రపతి ఆమోదం అవసరం. జీవో 3 మొదటి ఉపపేరా కింది ప్రకటన. ఉన్న చట్టాన్ని వర్తింపజేయకుండా ఆపడానికో, మార్పులతో వర్తింపజేయడానికో అది వీలు కల్పిస్తుంది. కొత్త చట్టం చేసే అధికారం ఇవ్వదని ధర్మాసనం పేర్కొంది. కనుక ఫలితాల భేదానికి న్యాయమూర్తుల దృక్పథం ఎంత కారణమో, ప్రభుత్వం ఎంచుకున్న సాధనం కూడా అంతే కారణం.

5. ముగింపు

గవర్నరు అధికారం ప్రాథమిక హక్కులకు లోబడినదేనని 2020 తీర్పు స్పష్టం చేసింది. కాబట్టి జీవో 3ను యథాతథంగా పునరుద్ధరించాలన్న వాదన న్యాయపరీక్షకు నిలవదు. జనాభా, భాష, ఉపాధ్యాయుల హాజరు వివరాలను సేకరించి, నూరు శాతానికి లోపు కేటాయింపును సమర్థించే రెగ్యులేషన్‌ను రెండవ ఉపపేరా కింద రూపొందించడం మేలైన మార్గం. మారుమూల ప్రాంతాల విశేష పరిస్థితులలో 50 శాతం పరిమితిని సడలించవచ్చని 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పు అంగీకరించింది. ఆ అవకాశాన్ని ఆధారాలతో వినియోగించుకోవలసిన బాధ్యత ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలది.