ఆమ్లజని చెప్పే చరిత్ర: విజ్ఞానచంద్రికా మండలి కృషికి ఒక పరామర్శ

1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడేనాటికి తెలుగులో అచ్చు పుస్తకాలకు కొరత లేదు. కావ్యాలు, ప్రబంధాలు, శతకాలు, పురాణాలు వెలువడుతూనే ఉన్నాయి. నాటకాలకు ఆదరణ పెరుగుతున్నది. లేనిదల్లా లోకాన్ని గురించి తెలుగులో తీరికగా చదువుకోదగిన వచనం. ఈ లోటును కందుకూరి వీరేశలింగం అంతకుముందే గుర్తించారు. రాజశేఖర చరిత్రము రాసిన చేతితోనే జంతు స్వభావ చరిత్రమూ రాశారు. అయితే ఒక వ్యక్తి ఎంతటివాడైనా ఆ పనికి చాలడు. దానిని ఒక సంస్థ చేపట్టవలసిన బాధ్యతగా మార్చిన ఘనత కొమర్రాజు వేంకట లక్ష్మణరావుది. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ఆయనకు తోడు నిలిచారు.

మండలి ప్రచురణల పట్టికను చూస్తే ఈనాటి పాఠకుడికి మొదట కలిగేది ఆశ్చర్యం. 1907లో గాడిచర్ల వారి అబ్రహాం లింకను చరిత్రముతో ప్రచురణ మొదలైంది. లక్ష్మణరావు స్వయంగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రచించారు. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రాన్ని గురించి, కలరాను గురించి రాశారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము తొలి భాగం 1910లో వచ్చింది. వీటి నడుమనే చారిత్రక నవలలకూ చోటు దొరికింది. కలరా పుస్తకం కొన్నవాడు నవల కొనడనే శంక ఆ ప్రకాశకులకు ఉన్నట్లు కనిపించదు.

మండలి చేసిన సేవను విజ్ఞాన ప్రచారంగా మెచ్చుకోవడం పరిపాటి. ఆ మెప్పు సబబే గాని అసలు విషయాన్ని అది తాకదు. సమాచారం పాతబడుతుంది. 1910 నాటి జీవశాస్త్రాన్ని నేడు ఎవరూ శాస్త్రం కోసం చదవరు. మిగిలినది వచనం. ఒక శాసనంలోని తిథిని తర్కించడానికీ, ఒక రోగం వ్యాపించే తీరును విడమరచి చెప్పడానికీ, ఒక పరదేశ నాయకుడి స్వభావాన్ని చిత్రించడానికీ ఒకే తెలుగు పనికి వస్తుందని ఆ గ్రంథాలు నిరూపించాయి. వాక్యం కారణం నుంచి కార్యానికి తడబడకుండా నడవడం అక్కడ అలవడింది.

లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము ఈ దృష్టికి పరాకాష్ఠ. మూడు సంపుటాలు వెలువడి, తొలి అక్షరాలు దాటకుండానే ఆ మహాకార్యం నిలిచిపోయింది. 1923లో ఆయన కన్నుమూశారు. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు దానిని పునరుద్ధరించబూనినా అదీ పూర్తి కాలేదు. లక్ష్మణరావుకు విద్యాభ్యాసకాలం నుంచి పరిచయమున్న మరాఠీలో మాత్రం కేత్కర్ జ్ఞానకోశం 1920లలో 23 సంపుటాలుగా సాగింది. తెలుగువారి వైఫల్యాన్ని తలచి విచారించేవారు అకారాది క్రమం చేసే ఒక మేలును మరచిపోతారు. ఆ క్రమానికి పాఠశాల కాలపట్టిక తెలియదు. అణువు తరువాత నాలుగు పుటలు తిప్పితే అద్వైతం రాక తప్పదు; అశోకుడిని వెతికేవాడికి అలంకారాలు దారిలో ఎదురవుతాయి.

పాఠశాలలో గంట మోగుతుంది. తెలుగు వాచకం మూసి సామాన్యశాస్త్రం తీస్తారు. మళ్ళీ గంట మోగితే సాంఘికశాస్త్రం. ఈ విభజన అనివార్యమే. కాని ఒక విషయం నుంచి మరొక విషయానికి దారి ఉన్నదని పిల్లవాడికి చెప్పే బాధ్యత ఏ గంటకూ అప్పగించలేదు.

ఒక్క మాటను తీసుకుంటే చాలు. ప్రాణవాయువుకు తెలుగు పాఠ్యపుస్తకాలు చాలాకాలం వాడిన పేరు ఆమ్లజని, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆక్సిజన్ అన్న పేరుకు గ్రీకు మూలంలో ఉన్న అర్థమూ అదే. 18వ శతాబ్దం చివరి పాదంలో ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోషియర్, ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువు ఉండి తీరుతుందని నమ్మాడు. అది పొరపాటు. ఉప్పు నుంచి తీసే హైడ్రోక్లోరికామ్లంలో అది లేదని 1810 ప్రాంతంలో హంఫ్రీ డేవీ నిర్ధారించాడు. సిద్ధాంతం కూలినా పేరు నిలిచింది. ఐరోపా నుంచి ఓడ దాటి వచ్చి, సంస్కృత ధాతువు తొడుక్కుని, తెలుగు పిల్లవాడి పలకమీద కూర్చున్నది. విప్లవ న్యాయస్థానం 1794లో లెవోషియర్‌కు మరణశిక్ష విధించిందన్నది ఫ్రెంచి విప్లవ పాఠానికి చెందిన సంగతి. ఆమ్లము, జని అన్న పదాల సమాసం తెలుగు ఉపాధ్యాయుడిది. వాయువు ధర్మాలు సామాన్యశాస్త్రానివి. మాట ఒక్కటే, మూడు గంటలలోకి చీలిపోయింది; ముగ్గురు ఉపాధ్యాయులలో ఎవరూ కథంతా చెప్పవలసిన అవసరం లేకపోయింది.

అంతమాత్రాన ఆ తరంవారి పరిభాషను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. నత్రజని విషయంలో జరిగిన నష్టం చూడదగినది. ఆ పేరుకు మూలమైన లవణాన్ని తెలుగువాడు ఎప్పటినుంచో ఎరుగును. తుపాకిమందు కలిపేవాడికీ, మతాబులు కట్టేవాడికీ అది సురేకారం. ఆ మాట ఊళ్ళో ఉండగా, అర్థం తట్టని ‘నత్రం’ పుస్తకంలోకి ఎక్కింది. పనివాడి నోట ఉన్న పదాన్ని పండితుడు పక్కకు నెట్టడం పరిభాషా నిర్మాణంలో పదేపదే కనిపించే బలహీనత. మండలి గ్రంథాలు సరళమైనా గ్రాంథికంలోనే వెలువడ్డాయి. వ్యావహారికం కోసం గిడుగు వేంకట రామమూర్తి పోరాడుతున్న రోజులవి. విజ్ఞానం అందరికీ అందాలన్నవారూ, అందరి భాషలో రాయాలన్నవారూ ఒకే కాలంలో వేరువేరు బాటలు నడవడం విచారకరం.

చరిత్ర గ్రంథాలకూ పరిమితి ఉన్నది. పాలకుల మతాన్ని బట్టి యుగాలను విడదీయడం జేమ్స్ మిల్ వంటి బ్రిటిషు చరిత్రకారుల నుంచి వచ్చిన అలవాటు. శాసనాలను స్వయంగా పరిశోధించిన లక్ష్మణరావు వంటి పండితుడు సైతం పుస్తకాల పేర్లలో ఆ చట్రాన్నే అంగీకరించారు. తరువాతి చరిత్రకారులు దానిని విడనాడారు.

మండలి పుట్టిన నగరంలోనే మరొక ప్రయోగం జరిగింది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది; దానికోసం ఏర్పడిన అనువాద సంస్థ చరిత్ర నుంచి వైద్యం దాకా గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. రాజ్యంలో అధికసంఖ్యాకుల భాషలైన తెలుగు, మరాఠీ, కన్నడాలకు ఆ అవకాశం దక్కలేదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయినా ఉన్నతవిద్య ఒక భారతీయ భాషలో సాధ్యమని అక్కడ రుజువైంది. బెంగాలులో రవీంద్రనాథ ఠాగూరు 1937లో విశ్వపరిచయ్ అనే విజ్ఞాన గ్రంథం రాసి భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చారు. కవి పరమాణువును గురించి రాయడం ఆ భాషలో వింత అనిపించుకోలేదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పుస్తకాల కొరతను చాలావరకు తీర్చింది. పదకోశాలు పెరిగాయి. కాని పదకోశంలో పదం ఉండడం వేరు, పదం వాక్యంలో కుదురుకోవడం వేరు. పరీక్షకు పనికివచ్చే నిర్వచనాలుగా శాస్త్రం ముక్కలైనచోట లక్ష్మీపతి నాటి వచనానికి వారసులు లేకపోయారు. తెలుగు సాహిత్య గంటకు పరిమితమైంది. మిగిలిన గంటలలో అది అనువాదం.

ఇటీవలి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో అదే పాఠం ఆంగ్లంలో. మాధ్యమం మారే పిల్లలకు ఇది ఊతమన్నది వాస్తవం. అయితే ఇక్కడ తెలుగు పేరా ఎదుటి పేరా పొడవుకు లోబడి నడవాలి. ఆంగ్ల వాక్యం ఆగినచోట ఆగాలి. ఆమ్లజని స్థానంలో ఆక్సిజన్ స్థిరపడింది, దానికి విచారించనక్కరలేదు. మాట వాడుకలో ఉన్నది, పిల్లవాడికి తెలుసు. లెవోషియర్ పొరపాటు ఆ మాటలోనూ భద్రంగానే ఉన్నది. దానిని విప్పి చెప్పడానికి రెండు పేరాలు అదనంగా కావాలి, ఆ రెండు పేరాలకు ఎదుటి పుటలో జాగా ఉండాలి.