బాబాయి, బ్రేక్ ప్యాడ్లు

ఆదివారం పొద్దున్నే మా బాబాయి వాకిట్లో కారు ముందు బ్రేక్ ప్యాడ్లు మారుస్తుంటే పక్కనే కూర్చుని చూడటం నాకెంతో ఇష్టం. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, నట్లు ముందే కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తుతాడు. జాకీని మాత్రం నమ్మడు; కింద స్టాండు నిలబడ్డాకే చెయ్యి లోపలికి పోతుంది.

విప్పిన కాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వడు, తీగతో స్ప్రింగుకు కట్టేస్తాడు. అరిగిన ప్యాడు ఒకటి నా చేతిలో పెట్టాడు. మందం 3 మిల్లీమీటర్లు కూడా లేదు. "ఇదీ అయిపోతే ఇనుము ఇనుమును తింటుందిరా" అన్నాడు. పాత ప్యాడునే అడ్డుపెట్టి, సీ క్లాంపుతో పిస్టన్‌ను వెనక్కి నొక్కుతాడు. ఎంత నెమ్మదో! ఒక కన్ను బ్రేక్ ఆయిల్ డబ్బా మీదే, పొంగుతుందేమోనని. అది పడితే కారు రంగు లేచిపోతుంది. జిడ్డు చేత్తో డిస్కును ముట్టడు. ఇంత శ్రద్ధ నేను గ్యారేజీల్లోనూ అరుదుగా చూశాను.

మీరే మార్చుకుంటే ఒక్కటి మరవకండి: బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. లేకపోతే మొదటిసారి అది నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు.