రాతిలో నేసిన ఇల్లు

మండవల్లి చుట్టుపక్కల చేపల చెరువు గట్ల మీద తాటాకు పాకలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. నడుమ నిట్రాట, దాని మీంచి చూరుదాకా దిగే వాసాలు, వాసాలకు అడ్డంగా బద్దలు, ఆపైన వరసలు వరసలుగా తాటాకు. తాటాకిల్లు కప్పడాన్ని మనవైపు 'ఇల్లు నేయడం' అంటారు. నాలుగైదేళ్లకోసారి ఆకు మార్చకపోతే ఏ పాకా నిలవదు. అలాంటి ఇల్లు ఒకటి రెండువేల ఏళ్లకు పైగా చెక్కుచెదరక నిలిచిన చోటు మన ఏలూరు జిల్లాలోనే ఉంది. అదే గుంటుపల్లి.

ఏలూరు నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కన ఉన్న ఇసుకరాతి కొండ అది. బౌద్ధ భిక్షువుల కోసం క్రీస్తుపూర్వమే తొలిచిన విహారాలు, కొండమీద కట్టిన స్తూపాలు అక్కడ చాలా ఉన్నాయి. వాటన్నిటిలో నన్ను కట్టిపడేసేది గుండ్రటి చైత్యగృహం. అడ్డకొలత సుమారు 18 అడుగులు. నడుమ స్తూపం, చుట్టూ ప్రదక్షిణకు సరిపడా సన్నని దారి.

లోపల నిలబడి తల ఎత్తితే పనితనం తెలుస్తుంది. గోపురంలా వంగిన కప్పు నిండా రాతి వాసాలు! చుట్టూ ఉన్న దూలం మీంచి బయల్దేరి, వంపు తిరిగి, నడినెత్తిన కలుసుకుంటాయి. గుమ్మం పైన గుర్రపులాడం ఆకారంలో కమాను ఉంది. దాని కింద వాసాల కొసలు చూరులోంచి తొంగిచూస్తున్నట్టే చెక్కారు.

రాతికి వాసాలతో పనిలేదు. కొండే కప్పును మోస్తుంది. తొలిచి వదిలేస్తే సరిపోయేది. అయినా శిల్పి ప్రతి వాసానికీ కావలసినంత రాయి మిగిల్చి, రెండు వాసాల నడుమ మాత్రమే లోతుగా చెక్కుకుంటూ పోయాడు. ఉలి ఒక్క దెబ్బ తప్పినా, విరిగిన ముక్కను అతికించే వీల్లేని పని ఇది. స్తూపమూ బయటినుంచి తెచ్చి నిలిపింది కాదు, చుట్టూ ఉన్న రాతిని తీసేయగా మిగిలిన కొండే. నడుమ స్తూపం ఉండాలంటే అక్కడ నిట్రాట ఉండకూడదు. నిట్రాట లేకుండా కప్పు నిలవాలంటే వాసాలు వంగి, పైన ఒకదానికొకటి ఆనుకోవాలి. ఆ వంపును తప్పు లేకుండా చెక్కినవాడికి ఇల్లు నేసే మర్మం చేతివేళ్లకు తెలుసు.

బీహార్‌లోని బరాబర్ కొండల్లో, అశోకుడి కాలపు సుదామ గుహలోనూ గుండ్రటి గుడిసెను రాతిలో చెక్కారు. అంటే అప్పటి భారతదేశపు కర్ర ఇళ్లన్నీ మట్టిలో కలిసినా, వాటి నమూనాలు ఇలాంటి గుహల్లో మిగిలాయి. గుంటుపల్లి ఒక గుడే కాదు, ఒక వడ్రంగి పాఠం కూడా.

మహామేఘవాహన వంశపు సిరిసద మహారాజు లేఖకుడు చూళగోముడు మండపం దానం చేశాడని ఇక్కడి శాసనం చెబుతోంది. దాత పేరు రాతికెక్కింది. ఉలి పట్టినవాడి గురించి చెప్పేది ఆ పని ఒక్కటే. కనుక ఆ పనిని చదవగలిగినవాళ్లు మనకు కావాలి.

ఈ చోటును ఇన్నాళ్లూ కాచినవాళ్లలో ఊరి జనం కూడా ఉన్నారు. స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచారు. దేవుడున్నాడనుకున్న చోట ఎవరూ పలుగు వేయరు. ఇప్పుడు పురావస్తు శాఖ రక్షణ ఉంది. అయితే రాతిని కాపాడితే సగం పనే అయినట్టు. ఆ రాతిలో ఉన్నదేమిటో చెప్పగల, ఇళ్లు నేసేవాళ్లు మన ఊళ్లలో తగ్గిపోతున్నారు. రేకులు, శ్లాబులు వచ్చాక వాళ్లకు పిలుపులు లేవు.

వాళ్లకు తెలిసింది నిలుపుకోవడానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. మండవల్లి లాంటి కొల్లేటి ఊళ్లలోని బడిపిల్లలు ఒక సెలవురోజు పాకలు నేసే తాతల దగ్గర కూర్చుని నిట్రాట, వాసం, బద్ద, చూరు అన్న మాటలు బొమ్మలతో సహా రాసుకుంటే చాలు. ఆ తాతల్లో ఒకరిని గుంటుపల్లి తీసుకెళ్లి, ఆ కప్పు కింద నిలబెట్టి, ఆయన చెప్పింది రాసుకోండి. ఆయన ఉండగానే ఆ పని చేయండి.