ఒకే గ్రూపు, ఒకే ఎలక్ట్రాన్

ప్రిమో లెవీ ‘ది పీరియాడిక్ టేబుల్’లో 21 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక మూలకం పేరు. ఇటాలియన్‌లో 1975లో వచ్చింది. స్కూల్లో గ్రూపులు బట్టీపట్టిన వాళ్లకి పేరు చూడగానే కాస్త భయం వేయొచ్చు. నాకు మాత్రం ఈ పుస్తకం నచ్చింది పట్టికని పొగిడినందుకు కాదు, దాని నిలువు గళ్లని అనుమానించినందుకు.

‘పొటాషియం’ అధ్యాయం 1941 జనవరిలో మొదలవుతుంది. 1938 జాతి చట్టాల తర్వాత యూదు విద్యార్థికి ల్యాబ్‌లో చోటు దొరకడమే గగనం. ఒక అసిస్టెంట్ ధైర్యం చేసి పని ఇస్తాడు: బెంజీన్‌ని శుద్ధి చేయాలి. దానికి సోడియం కావాలి. అది దొరక్క లెవీ పొటాషియం వాడతాడు. రెండూ మొదటి గ్రూపే, రెండిటికీ చివరి కక్ష్యలో ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్. పని సాఫీగా అయిపోతుంది. తర్వాత కడుగుదామని ఫ్లాస్కులో నీళ్లు పోస్తే, అడుగున మిగిలిన పిసరంత పొటాషియం భగ్గుమంటుంది.

సోడియం ఎలక్ట్రాన్ల వరస 2, 8, 1. పొటాషియంది 2, 8, 8, 1. ఆ చివరి ఒక్కటీ కేంద్రకానికి ఇంకో మెట్టు దూరం, పట్టు తక్కువ, ఇట్టే జారిపోతుంది. ఈ లెక్క నేను చెప్తున్నది. లెవీ చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: ‘దాదాపు ఒకటే’ అన్న మాటని నమ్మకు. మనుషుల్ని రక్తాన్ని బట్టి గళ్లలో రాసుకున్న రాజ్యంలో, మూడేళ్లకి ఆష్‌విట్జ్ చేరబోయే కుర్రాడి కథలో, ఇది ఒక్క కెమిస్ట్రీ పాఠమే కాదు.

నాకు పేచీ ఉన్నది మొదటి అధ్యాయం ‘ఆర్గాన్’తో. పీడ్‌మాంట్ యూదులైన తన పూర్వీకుల్ని లెవీ జడవాయువులతో పోలుస్తాడు. చదువుతుంటే ముచ్చటేస్తుంది. కానీ ఆర్గాన్ ఎవరితోనూ కలవనిది చివరి కక్ష్యలో ఎనిమిదీ నిండి ఉన్నందుకు. ఆ మనుషులు ఓ పక్కన ఉన్నది నిండుగా ఉన్నందుకు కాదు, చాలావరకు పక్కన పెట్టినందుకు. లెవీకి ఈ తేడా తెలుసు, మాటల మధ్య ఒప్పుకుంటాడు కూడా. 1962లో జెనాన్ ఫ్లోరిన్‌తో కలిసిన సంగతీ గుర్తు చేస్తాడు. అయినా పోలిక అందం ఆ చేదుని మింగేసింది.

ఆ లోటుని ‘పొటాషియం’ తీరుస్తుంది. రచయితలకి లేబుల్ అంటించి అలమరలో సర్దే మనబోటి పాఠకులకి అది మరీ అవసరం. బెంజీన్ శుద్ధి అయితే అయింది కదా! అంటే గ్రూపు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. మిగతా సగం నీళ్లు పడ్డాక తెలిసింది.